గృహపరిచర్య : పెట్టెలో మిగిలిన మాత్రలు



వంటయింట పోపులపెట్టె యున్నట్లే నేడు ప్రతి గృహమునను మందుల పెట్టె యొకటి యుండుచున్నది. బిస్కత్తుల డబ్బాయో, పాత చీరల సంచియో, అద్దపు అలమారలోని క్రింది అరయో, ఏదో యొకటి యందుకు స్థానమై యుండును. దానిని తెరచి చూచితిమేని సగము కత్తిరించిన రేకులు, పేరు చెరిగిన మాత్రలు, అడుగున గడ్డకట్టిన సీసాలు కనబడును. రోగము తగ్గినదని మానినవి కొన్ని, "వేడి చేసినది" అని విడిచినవి కొన్ని, రేపటికి పనికివచ్చునని దాచినవి కొన్ని. పొదుపు గృహిణికి భూషణమే. కాని యీ యొక్క విషయమున మన పొదుపు మనకే శత్రువగుచున్నది. ఎట్లో చెప్పుటకు ముందు నా వలన జరిగిన యొక తప్పును మీ యెదుట నొప్పుకొనవలసి యున్నది.

మేముండునది గోదావరిఖని. ఇది బొగ్గుబావుల యూరు. మా ప్రక్క క్వార్టరులోని ఇల్లాలు నన్ను వదినా యని పిలుచును. ఆమె పెనిమిటి బావిలో దిగి పనిచేయువాడు. ఒక వానకాలమున అతనికి దగ్గు పట్టుకొని వదలలేదు. ఆమె మా గడపలో నిలిచి, "వదినా, మీ అత్తమ్మకు తెచ్చిన గోలీలు ఇంక ఉన్నయా? ఈయనకు రెండు వేసి చూస్త" అని యడిగినది. మా ప్రాంతమున మాత్రలను గోలీలందురు. మా యత్తగారికి మూత్రమున మంట కలిగినప్పుడు వైద్యుడు వ్రాసిన లీవోఫ్లాక్సాసిన్ మాత్రలు నాలుగు మిగిలి యుండెను. మంట తగ్గగానే ఆమె మానివేసెను. నేను దాచి యుంచితిని. మంచి మందే కదా యని ఆ నాలుగును ఆమె చేతిలో పెట్టితిని.

నాలుగు దినములలో జ్వరము దిగెను, దగ్గు కొంత నెమ్మదించెను. ఆమె సంతోషించినది, నేనును సంతోషించితిని. మూడు వారములు గడువకమునుపే దగ్గు మరల వచ్చెను. ఈ మారు అతడు ఖాళీ రేకును చూపి దుకాణమున అవియే మాత్రలు ఐదు కొని తెచ్చుకొనెను. మరల కొంత తగ్గుట, మరల వచ్చుట. ఇట్లు దాదాపు మూడు నెలలు గడచెను. మనిషి చిక్కిపోయెను, సాయంకాలపు జ్వరము, రాత్రి చెమటలు ప్రారంభమయ్యెను. కడకు ఆస్పత్రికి పోయి కఫపరీక్ష చేయించుకొనగా క్షయ యని తేలినది.

వైద్యుడు మందుల చరిత్ర యంతయు నడిగి తెలిసికొని చెప్పిన మాట నా చెవులలో నిప్పటికిని మ్రోగుచున్నది. లీవోఫ్లాక్సాసిన్ క్షయక్రిమిని కొంత అణచును గాని యొంటరిగా దానిని నిర్మూలింపజాలదు. అందువలన జ్వరము తాత్కాలికముగా దిగి రోగము మరుగున పడును, కఫములో క్రిమి దొరకుటయు కష్టమగును, రోగనిర్ణయము వెనుకబడును. అంతకంటె భయంకరమైన దేమనగా, సాధారణ మందులకు లొంగని మొండి క్షయకు వైద్యులు వాడు ఆయుధములలో ఈ మందే యొకటి. దానినే మనము ముందుగా అరకొరగా వాడి క్రిమికి అలవాటు చేసితిమేని రేపు వైద్యుని చేతిలో నేమి మిగులును? దైవవశమున అతని క్రిమి మొండిది కాలేదు. కాని ఆ మూడు నెలలు అతని పసిబిడ్డలు అదే గదిలో నిదురించిరి. ఆ నాలుగు మాత్రలిచ్చిన చేయి నాది. అందుకే ఈ మాసమున ఈ విషయము నెత్తుకొంటిని.

ఈ మందు లెట్టివి?

వీనిని యాంటీబయాటిక్కు లందురు. ఇవి బాక్టీరియా యనెడి సూక్ష్మజీవులను చంపునవి, లేదా వాని పెరుగుదలను ఆపునవి. జలుబు, ఫ్లూ, డెంగీ, కోవిడ్, పిల్లలకు వచ్చు నీళ్ల విరేచనములలో పెక్కుభాగము బాక్టీరియా వలన గాక వైరసుల వలన కలుగును. వైరసులపై యాంటీబయాటిక్కులకు అధికారము లేదు. ముక్కు కారుచున్న బిడ్డకు వీనిని పోయుట ఎలుకలకై పెట్టిన బోనుతో దోమలను పట్టజూచుట వంటిది. విరేచనములైన బిడ్డకు కావలసినది ఓఆర్ఎస్ నీరును, వైద్యుడు చెప్పిన జింకు మాత్రలును, తల్లిపాలును. రక్తము పడుచున్నను, జ్వరము హెచ్చుగా నున్నను, బిడ్డ మగతగా నున్నను వెంటనే వైద్యునికి చూపవలెను.

1928లో లండనులో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ బూజునుండి పెన్సిలిన్ గుణమును కనుగొనెను. ఫ్లోరీ, చైన్ మొదలగువారు దానిని మందుగా రూపొందించిరి. 1941లో ఆక్స్‌ఫర్డులో నొక పోలీసు జవానుకు దానిని సూదిమందుగా నిచ్చిరి. చావునకు దగ్గరైన మనిషి కొన్ని దినములలో లేచి కూర్చుండెను. కాని చేతనున్న మందు అంతటితో నైపోయెను. అతని మూత్రమునుండి సయితము మందును వడగట్టి తీసి మరల నిచ్చిరట. అదియు చాలలేదు, రోగము తిరుగబెట్టి అతడు మరణించెను. ఆనాడు మందు లేక చికిత్స సగములో నిలిచినది. ఈనాడు మందు చేతిలో నుండియు సగములో మానుచున్నాము. ఎంత వింత!

ఈ చరిత్రలో మన తెలుగువానికిని స్థానమున్నది. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల పరిశోధనలకు అధిపతిగా నుండిరి. విశ్వవిద్యాలయమునుండి విశ్రాంతి పొందిన బెంజమిన్ డగ్గర్ అను వృద్ధ వృక్షశాస్త్రజ్ఞుడు అక్కడ పనిచేయుచు పిడికెడు మట్టిలోని జీవినుండి బంగారు వన్నె గల మందును తీసెను. అదియే 1948లో వెలువడిన ఆరియోమైసిన్. టెట్రాసైక్లిన్ కుటుంబమునకు అది మొదటి బిడ్డ. ఆ సంవత్సరమే ఆగస్టులో సుబ్బారావుగారు స్వర్గస్థులైరి. అంత శ్రమతో లభించిన ధనమును మనము డబ్బాలో పెట్టి పాడుచేయుట తగునా?

కుటుంబములు, వాని గుణములు

మాత్రల పేర్లు వేలకొలది యున్నను అవి కొన్ని కుటుంబములలోనివే. రేకుపై కంపెనీ పెట్టిన పేరును గాక, దాని క్రింద చిన్న యక్షరములలో నుండు అసలు మందు పేరును చదువుట నేర్చుకొనవలెను.

మొదటిది పెన్సిలిన్ కుటుంబము. ఆంపిసిలిన్, అమాక్సిసిలిన్ మొదలగునవి దీనిలోనివి. సాధారణముగా మంచివే గాని కొందరికి పడవు. దద్దురులు లేచుట, ముఖమును పెదవులును వాచుట, ఊపిరి అందకపోవుట పడనందుకు గుర్తులు. ఊపిరి అందనిచో క్షణమైనను ఆలసింపక ఆస్పత్రికి చేర్చవలెను. ఒకసారి పడనివారి పేరును, మందు పేరును కాగితముపై వ్రాసి యింటిలో నంటింపుడు. ప్రతి వైద్యునికిని చెప్పుడు.

రెండవది సెఫలోస్పోరిన్ కుటుంబము. సెఫిక్సీమ్ మాత్రలు, సెఫ్ట్రియాక్సోన్ సూదిమందు దీనిలోనివి. ఇవి పెన్సిలిన్లకు దాయాదులు. కావున పెన్సిలిన్ పడనివారు వీనికి ముందుగా వైద్యుని హెచ్చరింపవలెను.

మూడవది మాక్రోలైడ్ కుటుంబము. ఎరిత్రోమైసిన్, అజిత్రోమైసిన్ దీనిలోనివి. మూడు దినముల మందని, ఐదు దినముల మందని పేరుపొంది, ప్రతి దగ్గునకును జనులు తామే కొని వాడుకొనుచున్నది అజిత్రోమైసినే. గుండె లయకు మందులు వాడువారికి దీనివలన ప్రమాదము కలుగవచ్చును.

నాలుగవది టెట్రాసైక్లిన్ కుటుంబము. నేడు మనకు పరిచితమైనది డాక్సీసైక్లిన్. దీనిని గ్లాసెడు నీటితో, కూర్చుండి మ్రింగవలెను. మ్రింగినవెంటనే పండుకొన్నచో గొంతునాళము పుండగును. ఎండ తగిలిన చర్మము కమలును. మా రామగుండపు ఎండలలో నిది మరువరాని మాట. గర్భిణులకును చిన్నపిల్లలకును వైద్యుడు చెప్పనిదే యీయరాదు. పిల్లల పండ్లకు మచ్చలు పడును.

ఐదవది ఫ్లోరోక్వినొలోన్ కుటుంబము. సిప్రోఫ్లాక్సాసిన్, ఒఫ్లాక్సాసిన్, నేను చెప్పిన లీవోఫ్లాక్సాసిన్ దీనిలోనివి. మడమ వెనుక నరమువలె గట్టిగా నుండు కండరబంధము నొప్పి పెట్టినచో మందు ఆపి వైద్యునితో చెప్పవలెను. బరువులెత్తు పనివారికి నిది ముఖ్యము. ఈ కుటుంబమును, టెట్రాసైక్లిన్లును పాలతో, పెరుగుతో, ఇనుము మాత్రతో, జింకుతో, కడుపుమంటకు వాడు పుల్లని త్రేన్పుల మందుతో కలిసినచో రక్తములోనికి సరిగా చేరవు. మాత్ర వేడి చేయునని మజ్జిగతో మ్రింగించు అలవాటు మనలో గలదు. ఈ మందుల విషయమున అది మందును వ్యర్థము చేయుటయే. మాత్రకును పాలు పెరుగులకును కొన్ని గంటల యెడ ముంచుడు.

ఆరవది అమైనోగ్లైకోసైడ్ కుటుంబము. స్ట్రెప్టోమైసిన్, జెంటామైసిన్, అమికాసిన్ సూదిమందులు. చెవిలో హోరు, తల తిరుగుట, మూత్రము తగ్గుట కనబడిన వెంటనే నర్సుతో చెప్పవలెను. ఇవి చెవికిని మూత్రపిండములకును హాని చేయగలవు. ఆస్పత్రిలో రోగి ప్రక్కన కూర్చున్న మన కన్నులే మొదట వీనిని గుర్తింపవలసినవి.

ఇవి గాక సల్ఫా మందులు కలవు. వీనితో నీరు హెచ్చుగా త్రాగవలెను. ఒడలిపై దద్దురుగాని నోట పుండుగాని కనబడిన మాని వైద్యుని చూడవలెను. మెట్రోనిడజోల్ కలదు, ఇది వాడు దినములలోను, ముగిసిన తరువాత రెండు మూడు దినములును కల్లు సారాయములు ముట్టరాదని వైద్యుల హెచ్చరిక. పెనిమిటితో ఈ మాట చెప్పుటకు సంకోచింపకుడు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో ఈ మందులను మూడు వరుసలుగా విభజించెను. మొదటి వరుస సామాన్యముగా ముందు వాడదగినవి; రెండవది జాగరూకతతో వాడవలసినవి; మూడవది గత్యంతరము లేనపుడు తీయవలసినవి. అజిత్రోమైసిన్, సెఫిక్సీమ్, సిప్రోఫ్లాక్సాసిన్, లీవోఫ్లాక్సాసిన్ రెండవ వరుసలోనివి. మన డబ్బాలలో దొరకునవి ముఖ్యముగా నివియే గదా!

మొండి క్రిము లెట్లు పుట్టును?

పొలమున తుంగను పైపైన కోసి గడ్డను భూమిలో విడిచిన మరల నదియే మొలచి పొలమంతయు నాక్రమించును. క్రిములలోను కొన్ని మందునకు కొంచెము ఓర్చుకొనునవి యుండును. అక్కరలేనపుడు వాడినను, చాలీచాలకుండ వాడినను బలహీనములు చచ్చి యవి మిగిలి వృద్ధియగును. మన శరీరము మందునకు అలవాటుపడుట కాదు. క్రిమియే దానిని జయించుట నేర్చుకొనుట. ఆ క్రిమి మన యింటనే యుండదు. బాలింతకును, పసిబిడ్డకును, శస్త్రచికిత్స జరిగిన వృద్ధునికిని సోకును. 2019లో మందులకు లొంగని బాక్టీరియా వలననే ప్రపంచమున సుమారు 12.7 లక్షల మంది మరణించిరని శాస్త్రజ్ఞులు లెక్కకట్టిరి.

ఇందుకు మన రాష్ట్రమునను నిదర్శనమున్నది. హైదరాబాదు చేరువనున్న పటాన్‌చెరులో మందుల కర్మాగారముల మురుగునీటిని శుద్ధిచేయు కేంద్రము నుండి వెలువడు నీటిని స్వీడను శాస్త్రజ్ఞులు పరీక్షించి 2007లో ప్రకటించిరి. ఆ నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరునకు 31 మిల్లీగ్రాముల వరకు నుండెను. మందు తిన్న రోగి రక్తములో నుండుదానికంటె నది యెక్కువ. నీటిలోని క్రిములకు అది పాఠశాలయే. కావున మిగిలిన మందులను మనమును కాలువలో పారబోయరాదు. దుకాణమువారు తిరిగి తీసికొనునెడల వారి కిచ్చుట మేలు. లేనిచో రేకునుండి తీసి, వాడిన తేయాకు పొడితోనో మట్టితోనో కలిపి, పిల్లలకు పశువులకు అందకుండ మూటగట్టి చెత్తబండిలో వేయింపుడు.

పరిచర్యలో పాటింపవలసినవి

నర్సులకు మొదట నేర్పు పాఠమొకటి కలదు. సరియైన రోగికి, సరియైన మందు, సరియైన మోతాదున, సరియైన మార్గమున, సరియైన వేళకు ఈయవలెను. ఈ యైదును మన యింటను చెల్లును.

రోగి: ఒకరికి వ్రాసినది మరొకరికి పనికిరాదు. రోగలక్షణ మొకటిగా కనబడినను రోగము వేరై యుండవచ్చును. నా కథయే సాక్ష్యము.

మందు: రేకుపై నిలువుగా ఎర్రగీత యున్నచో వైద్యుని చీటి లేనిదే కొనరాదని గుర్తు. 2016లో కేంద్రప్రభుత్వము ఈ ఎర్రగీతనుగూర్చి ప్రచారము చేసినది. కొన్ని యాంటీబయాటిక్కుల అమ్మకమును దుకాణదారు ప్రత్యేకపు పుస్తకమున వ్రాయవలెనను నియమము 2014 నుండి అమలులో నున్నది. గడువు తేదీని చూడుడు. కొనినప్పుడే పూర్తి దినములకు సరిపడ కొనుడు.

మోతాదు: వంటయింటి చెంచాలు ఒకదానితో నొకటి సరిపోవు. సీసాతో వచ్చిన కొలమూతనే వాడుడు. పిల్లల పొడిమందులో కాచి చల్లార్చిన నీటిని గీతవరకు పోసి, బాగుగా కుదిపి, మరల గీతకు సరిచేయవలెను. పోయు ప్రతిసారియు కుదుపవలెను. కలిపిన తేదీని సీసాపై వ్రాసి, చీటీపై నున్న దినములు దాటగానే పారవేయవలెను. చల్లని చోట నుంచుమని యున్నచో మా వేసవిలో కిటికీ యరలు పనికిరావు.

మార్గము: వైద్యుడు మాత్ర వ్రాసినచో "సూది అయితే తొందరగా తగ్గును" అని పట్టుబట్టకుడు.

వేళ: దినమునకు మూడుసార్లన్న ఎనిమిది గంటల కొకసారి, రెండుసార్లన్న పండ్రెండు గంటల కొకసారి యని సుమారుగా భావింపవలెను. మా యూర షిఫ్టులు మారుచుండును. రాత్రి షిఫ్టు చేసి పగలు నిదురించువానికి "ఉదయము టిఫిను తరువాత" అను మాటకు అర్థము లేదు. అందుచేత ఏ గంటకు వేసికొనవలెనో షిఫ్టు చెప్పి వైద్యునినే యడిగి, గోడపంచాంగముపై వ్రాసి, వేసిన ప్రతిసారి గీత గీయుడు. సుగుణము కనబడినను వైద్యుడు చెప్పిన దినములు నిండువరకు మానరాదు. చెప్పిన దినములకు మించియు వాడరాదు.

క్షయరోగికి ఇంటి పరిచర్య

రెండు వారములకు మించిన దగ్గున్నచో కఫపరీక్ష చేయింపవలెను; ఇది యెవరికైనను వర్తించును. రాతిధూళి పీల్చి ఊపిరితిత్తులు చెడినవారికి క్షయ మరింత సులభముగా సోకును గనుక గనులలో పనిచేయువారి యిండ్లలో ఇల్లాలు ఈ మాటను మంత్రమువలె గుర్తుంచుకొనవలెను.

క్షయ సోకినవానిని దూరపు శానిటోరియములో నుంచవలెనని పూర్వ మనుకొనెడివారు. మదరాసులో 1956లో స్థాపించిన క్షయ పరిశోధనకేంద్రము దీనిని పరీక్షించెను. కొందరిని శానిటోరియమున, కొందరిని పేదయిండ్లలోనే యుంచి ఒకే మందు లిచ్చిరి. మంచి తిండియు విశ్రాంతియు శానిటోరియమువారికి కలిగినను, ఇంటనున్నవారును దాదాపు వారివలెనే కోలుకొనిరి. ఇంటివారికి అందువలన ఎక్కువగా సోకలేదు. 1959లో వెలువడిన ఈ ఫలితము లోకమంతట చికిత్సామార్గమును మార్చినది. ఆ ఇండ్లలో పరిచర్య చేసిన స్త్రీల పేర్లు ఏ పుస్తకమునను లేవు.

నేడు సాధారణ క్షయకు ఆరు నెలల చికిత్స. ప్రభుత్వము మందులను ఉచితముగా నిచ్చును. మొదటి రెండు నెలలు నాలుగు మందులు, తరువాతి నాలుగు నెలలు మూడు. రిఫాంపిసిన్ వలన మూత్రము, చెమట నారింజ వన్నె నగును, భయపడ నక్కరలేదు. అది గర్భనిరోధపు మాత్రల బలమును తగ్గించును. స్త్రీరోగి యైనచో వైద్యురాలితో చెప్పి వేరు ఉపాయము చేసికొనవలెను. కన్నులు పచ్చబడుట, విడువని వాంతులు, చూపు మసకబారుట, ఎరుపు ఆకుపచ్చల భేదము తెలియకపోవుట, పాదములు తిమ్మిరెక్కుట కనబడినచో ఆనాడే చూపవలెను. కిటికీలు తెరచి గాలి వెలుతురు రానిండు. దగ్గునపుడు నోటికి గుడ్డ అడ్డము పెట్టుకొనునట్లు చూడుడు. కంచములు వేరుచేయ నక్కరలేదు. ఈ రోగము గాలిద్వారా వచ్చునది, కంచముద్వారా కాదు. ఇంటివారందరికి పరీక్ష చేయింపుడు.

తిండియు మందే. జార్ఖండులో జరిగి 2023లో ప్రకటితమైన పరిశోధనలో, రోగి కుటుంబమునకు పోషకాహార మందించిన యిండ్లలో ఇతరులకు క్షయ వచ్చుట నూటికి దాదాపు 40 వంతులు తగ్గినది. ప్రభుత్వము చికిత్సలో నున్నవారికి ఆహారమునకై యిచ్చు సహాయము నెలకు 500 రూపాయలుండగా 2024 నవంబరు నుండి 1,000 రూపాయ లయ్యెను. దానిని రోగి పేరనే పప్పులకు, గ్రుడ్లకు, పాలకు ఖర్చుపెట్టుడు.

మా ప్రక్కయింటి యిల్లాలు ఆరు నెలలు గోడపంచాంగముపై గీతలు గీసినది. ఒక్క దినమును తప్పలేదు. బిడ్డలకు పరీక్షలు చేయించినది. వైద్యుడు చెప్పిన రక్షణమందును త్రాగించినది. ఆమె పెనిమిటి నేడు మరల పనికి పోవుచున్నాడు. ఆమె నన్ను ఒక్కమాటయు ననలేదు. అననందుననే నాకు మరింత భారముగా నున్నది.

ఈ పత్రిక చేతనున్న దినముననే మీ మందుల డబ్బాను క్రిందికి దింపుడు. మిగిలిన యాంటీబయాటిక్కు లున్నచో తీసివేయుడు. గడపలో నిలిచి పొరుగింటి చెల్లెలు మాత్ర యడిగినచో లేదని మాత్రము పంపివేయక, చెప్పులు తొడిగికొని ఆమెతోకూడ ఆస్పత్రికి నడవుడు. నేనానాడు చేయవలసినది అదియే.